సర్వీస్ కాక పందెం

మా వెంకట్రాములు కాకకు దేవుడే ఎదురొచ్చి వరం కోరుకోమన్నా ముందు ఒక్కటే అడుగుతాడు. "సామీ, నీ సర్వీస్ ఎంత?" దేవుడు కాస్త నీళ్లు నమిలాడా, కాక దండం పెట్టి, ఇంకొంచెం సీనియర్ దేవుణ్ణి వెతుక్కుంటూ వెళ్లిపోతాడు.

షార్జా పక్కన సజ్జాలో మా లేబర్ క్యాంపు. అక్కడ ఆయన్ని అసలు పేరుతో పిలిచేది పొద్దున హాజరు తీసుకునే సూపర్‌వైజర్ ఒక్కడే. మిగతా అందరికీ ఆయన సర్వీస్ కాక. మా జగిత్యాల దగ్గరే పల్లె ఆయనది. యాభై దాటాయి, మనిషి బక్కపలచన, గొంతు మాత్రం క్యాంపు గేటు దాకా వినిపిస్తుంది. మా కంపెనీ ఆటలకూ కచేరీలకూ పెద్ద పెద్ద హాళ్లలో నేలలు, స్టేజీలు, గ్యాలరీలు బిగించి, పని అయిపోగానే విప్పుకుపోతుంది. ఆ కంపెనీ పుట్టినప్పుడు చేరినవాళ్లలో ఇప్పటికీ మిగిలింది కాక ఒక్కడే. నేను స్టోర్ కీపర్ని, ఆయన రూమ్మేట్‌ని. కాబట్టి ఆయన్ని తిట్టే హక్కూ పొగిడే హక్కూ రెండూ నాకున్నాయి.

ఓసారి ఇద్దరం సెలూన్‌కి వెళ్లాం. కొత్తగా వచ్చిన కుర్రాడు కుర్చీ దులిపి కాకను కూర్చోమన్నాడు.

"కత్తెర పట్టి ఎన్నేండ్లాయె?" అన్నాడు కాక.

"రెండేళ్లు."

"అయితె ఇగో, ఈని తలకాయ మీద నేర్చుకో" అని నన్ను ఆ కుర్చీలోకి తోసి, తను ముసలి బార్బర్ ఖాళీ అయ్యేదాకా పేపర్ తిరగేస్తూ కూర్చున్నాడు. ఆ నెలంతా నేను టోపీ తీయలేదు.

కరోనా టీకాలప్పుడు క్యాంపు మొత్తాన్ని బస్సుల్లో తీసుకెళ్లారు. కాక వంతు వచ్చింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, సూది దగ్గరకొచ్చాక అడిగాడు. "సిస్టర్, ఈ మందు సర్వీస్ ఎంత?"

సిస్టర్ మలయాళీ. ఎవరో అర్థం చెబితే నవ్వి, ఈ మధ్యే వచ్చిందని చెప్పింది.

కాక చొక్కా చెయ్యి కిందికి దించేశాడు. "అంటె ఇంక ప్రొబేషన్ల ఉన్నదన్నట్టు."

వెనక లైను గేటు దాకా పెరిగింది. ఎండలో నిలబడ్డవాళ్లు తిట్లు మొదలుపెట్టారు. చివరికి సిస్టరే తెలివిగా, మందు సర్వీస్ సంగతేమో గానీ తను ఇరవై ఏళ్ల నుంచి సూదులు వేస్తున్నానని చెప్పింది. కాక ముఖం వెలిగిపోయింది. "గా మాట ముందుగాల్నే చెప్పాలె గదమ్మా" అని చెయ్యి చాపాడు.

విమానంలో అయితే పైలట్ సర్వీస్ ఎంతో కనుక్కోమని ఎయిర్ హోస్టెస్ ప్రాణం తీశాడు. ఆ పిల్ల ఎంత ఓపికగలదో, లోపలికెళ్లి వచ్చి "ఇరవై ఆరేళ్లు సార్" అని చెప్పింది. కాక బెల్టు బిగించుకుని హాయిగా నిద్రపోయాడు. మధ్యలో కో పైలట్ మైకులో మాట్లాడాడు. గొంతు లేతగా ఉంది. కాక ఉలిక్కిపడి లేచి, హైదరాబాద్ నేల తగిలేదాకా కన్ను మూయలేదు.

ఈ జబ్బుకు మందు తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆయన భార్య కొమురవ్వ. ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడతాడు కాబట్టి రూములో అందరం వింటాం. "నా మెడల పుస్తె కట్టి ముప్పై ఏండ్లాయె. మీ కంపెనీల కన్న నా కాడ్నే నీ సర్వీస్ ఎక్కువ. మరి నా మాటెందుకు ఇనవు?" అంటుంది ఆమె. కాక ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "గామె నా మీద సీనియర్‌రా, ఏమనరాదు" అని మాతో చెప్పి, ఆమె చెప్పినదానికల్లా సరే అంటాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. క్యాంపు రూముల్లో రెండంతస్తుల ఇనుప మంచాలు ఉంటాయి. కింది బెడ్ దొరకడమంటే మాకు ఊళ్లో ప్లాటు కొన్నంత. ఎవరైనా వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోతే, ఆ కింది బెడ్ కంపెనీ సర్వీస్ ప్రకారం తర్వాతి మనిషికి వస్తుంది. చాలా క్యాంపుల్లో ఇది మామూలు పద్ధతి. మా రూములో మాత్రం రాజ్యాంగం. దాన్ని కాపాడేది ఎవరో చెప్పక్కర్లేదు.

అలాంటి రూముకు నబీ రసూల్ వచ్చాడు. రాయచోటి మనిషి, మంచి కార్పెంటర్. కాక కన్నా వయసులో పెద్ద. మా అందరికన్నా ముందు దుబాయ్‌లో దిగినవాడు. ఆయన పనిచేసిన కంపెనీ మూతపడితే, ఈ వయసులో మళ్లీ మా కంపెనీలో కొత్తగా చేరాడు. నిలబడి చేసే పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. మెట్లు ఎక్కాలంటేనే మోకాళ్లు మొరాయిస్తాయి.

కాక ఆయన పెట్టె కింద పెట్టనివ్వలేదు. "రసూల్ భాయ్, మా కంపెనీల నీ సర్వీస్ ఎంత?"

"ఈ పొద్దే గదన్నా చేరింది."

"అయితె పై బెడ్."

నాకు మండింది. "కాకా, ఆయన దుబాయ్ వచ్చినప్పుడు నువ్వింక ఊళ్లె బీడీలు తాగుతున్నవ్" అన్నాను.

"దుబాయ్ సర్వీస్ వేరు, కంపెనీ సర్వీస్ వేరు. ఒక్కనికి ఇడిచిపెడితె రేపు ప్రతోడు పాత పాస్‌పోర్ట్ పట్టుకొని ఒస్తడు."

రసూల్ భాయ్ ఇనుప నిచ్చెన పట్టుకున్నాడు. ఒక్కో మెట్టుకు ఒక్కో "యా అల్లా". పైకి చేరేసరికి ఆయన నుదుటి మీద చెమట, మా అందరి కళ్లూ కాక మీద. కాక మాత్రం తన కింది బెడ్‌లో దుప్పటి సర్దుకుంటున్నాడు.

నాలుగు రోజులు చూసి ఆగలేక, నా కింది బెడ్ తీసుకొమ్మని రసూల్ భాయ్‌ని బతిమాలాను. ఆయన గొంతు తగ్గించి, "వద్దు మల్లేశా" అన్నాడు. "వరస తప్పి కిందికి దిగితే ఎందుకని క్యాంప్ బాస్ అడుగుతాడు. మోకాళ్లు పోయినాయని ఆఫీసు చెవిన పడితే నా వీసా రెన్యూ చేస్తారా? చిన్నోడి పాలిటెక్నిక్ ఇంకా కాలేదు. నన్ను ముసలోణ్ణి చేసి ఇంటికి పంపొద్దండి."

కాక అటు తిరిగి పడుకుని గుర్రు పెడుతున్నాడు. ఈయన గుండె ఏ కంపెనీలో తయారైందో అనుకుంటూ నేనూ పడుకున్నాను.

రెండు వేల ఇరవై మూడులో, చలికాలంలో, దుబాయ్‌లో ఒక పెద్ద హాల్‌లో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ పెట్టారు. ఐదు మ్యాచ్‌ల సిరీస్, ముందు మూడు గెలిచినవాళ్లదే కప్పు. ఆ చెక్కనేల పరిచింది మా గ్యాంగే. పలకలన్నీ వరసగా పేర్చి, ఒకదాన్నొకటి పట్టుకునేలా పిన్నులు బిగించాలి. చేత్తో తడిమి చూస్తే అతుకు తెలియకూడదు. మ్యాచ్ జరిగేటప్పుడు ఏ పలకైనా కదిలితే చూసుకోవడానికి మాలో కొందరం గ్యాలరీ పక్కనే నిలబడాలి. కాక, రసూల్ భాయ్, నేను, మా రూములోనే ఉండే హైదరాబాద్ కుర్రాడు యాసీన్ అలా నిలబడ్డాం. వేలమంది టికెట్ కొని చూస్తున్న ఆటను మేం మా నేల పక్కన నిలబడి చూశాం. ఆ గర్వం ఎలా ఉంటుందో నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది.

పచ్చ జెర్సీల జట్టులో సగం మంది ముదుర్లు. కెప్టెన్‌కు బట్టతల, రెండు మోకాళ్లకూ పట్టీలు. నారింజ జెర్సీల జట్టులో అందరూ కుర్రాళ్లే, నేల మీద కన్నా గాల్లోనే ఎక్కువసేపు ఉంటారు. కాకకు ఆట గురించి తెలిసింది సున్నా. ఆయన అడగాల్సింది మాత్రం అడిగాడు. "గా బట్టతలాయన సర్వీస్ ఎంత?"

యాసీన్ ఫోన్‌లో వెతికి, "పదిహేడేళ్లు కాకా" అన్నాడు.

"ఇగ చూసుడేంది, ఆయనదే కప్పు."

"క్యా కాకా, ఇది దౌడ్నే కా ఖేల్. ఉరకాలె, ఎగరాలె. సర్వీస్ చూసి బాల్ బుట్టలో పడదు."

"ఉరికితె చెమట వస్తది, గెలుపు రాదు. యాడ నిలబడాల్నో తెలిసినోనికి ఉరుకుడెందుకు?"

ఆ మాట ఎంత గట్టిగా అన్నాడంటే ముందు వరసలో కూర్చున్న అరబ్బీ పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. అయినా మొదటి మ్యాచ్ కుర్రాళ్లు గెలిచారు. కంపెనీ బస్సెక్కాక యాసీన్ ఊరుకుంటాడా.

"కాకా, మీ సర్వీస్ బెంచీ మీద కూసొని ఆయాసపడుతున్నది. జవానీ గెలిచింది. బిర్యానీ పందెం పెడదామా, కప్పు ఎవరిదో?"

"తిండి పందెం పోరగాండ్ల ఆట" అన్నాడు కాక. తర్వాత కొంచెంసేపు కిటికీలోంచి చూసి, మెల్లగా అన్నాడు. "సర్వీస్ ఓడి జవానీ గెలిస్తె, నా కింది బెడ్ ఇడుస్త."

ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. కాక కింది బెడ్ వదలడమంటే మాటలు కాదు.

"ఎవరికిస్తవ్?" అన్నాను నేను.

"రూంల అందరి కన్న జూనియర్ ఎవడో ఆనికి. సర్వీసే ఓడినంక ఇగ వరస కింది నుంచి మొదలువెట్టాలె గద."

"అంటే రసూల్ చాచాకా? పందెం గెలిచేది నేను, బెడ్ ఆయనకా?" అన్నాడు యాసీన్.

"రూల్ రూలే. నేను గెలిస్తె మాత్రం, ఏడాది దాంక నా ముంగట జవానీ మాట ఎత్తద్దు."

రసూల్ భాయ్ కంగారుపడి, "నన్ను మధ్యలోకి లాగొద్దన్నా, నాకు పైనే బాగుండాది" అన్నాడు. ఆ మాట అంటూనే మోకాలు రుద్దుకున్నాడు. కాక తను గెలుస్తానన్న ధీమాతోనే అలా అన్నాడని, పాపం పెద్దాయనకు ఆశ చూపించి ఆడుకుంటున్నాడని నాకు ఒళ్లు మండింది.

రెండో మ్యాచ్ నుంచి కాక తీరు నాకు అంతుపట్టలేదు. హాల్లో ఉన్నంతసేపూ పచ్చ జట్టు కోసం గొంతు చించుకున్నాడు. బట్టతలాయన బంతి పట్టుకుంటే చాలు, "శాబాష్ కాకా, నిమ్మలంగ, నిమ్మలంగ" అని తెలుగులోనే సలహాలిచ్చాడు. పచ్చ జట్టు గెలిచింది. ఎగిరి యాసీన్ వీపు మీద చరిచాడు. బస్సెక్కేసరికి ముఖం వేలాడేసుకుని మూల సీట్లో కూర్చున్నాడు.

"గెలిచినవ్ గద కాకా, ఏమైంది?" అన్నాను.

"కడుపుల మంచిగ లేదు" అన్నాడు.

మూడో మ్యాచ్ నారింజ కుర్రాళ్లు కొట్టేశారు. కడుపు దానంతటదే బాగైంది. క్యాంపు పక్క కెఫ్టీరియా నుంచి అందరికీ కరక్ చాయ్ తెప్పించి, రసూల్ భాయ్‌కి తనే కప్పు అందించాడు. నాలుగోది పచ్చ జట్టు గెలిచింది. కాక ఆ పూట అన్నం ముట్టలేదు. గెలిస్తే ఏడ్చి, ఓడితే చాయ్ పోసే మనిషిని ప్రపంచంలో నేనెక్కడా వినలేదు. వయసుతోపాటు కాస్త తేడా చేసిందేమో, కొమురవ్వకు ఫోన్ చేయాలేమో అని కూడా అనుకున్నాను.

ఐదోది ఆదివారం మధ్యాహ్నం. హాలు కిక్కిరిసిపోయింది. ఆట చివరికి వచ్చేసరికి పచ్చ జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. బంతి బట్టతలాయన చేతిలో ఉంది. నారింజ కుర్రాళ్లంతా ఆయన మీదికే ఎగబడ్డారు. బంతి ఆయన వేస్తాడని హాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయన వెయ్యలేదు. పక్కకు చూడకుండానే, ఓ మూల ఒంటరిగా నిలబడ్డ కుర్రాడి చేతికి అందించాడు. ఆ సీజన్లోనే జట్టులో చేరిన కుర్రాడు, ఆ రోజంతా దాదాపు బెంచీ మీదే కూర్చున్నాడు. వాడు కళ్లు మూసుకుని వేశాడో తెరిచి వేశాడో గానీ, బంతి రింగు మీద తిరిగి తిరిగి లోపలికి పడింది. బజర్ మోగింది. పచ్చ జట్టుది కప్పు.

కాక పైకెగిరి యాసీన్‌ని కౌగిలించుకుని, నన్ను కౌగిలించుకుని, ముందు వరసలోని అరబ్బీ పెద్దాయన్ని కూడా కౌగిలించుకోబోయాడు. అంతలో పక్కన చప్పట్లు కొడుతున్న రసూల్ భాయ్ మీద చూపు పడింది. చేతులు దించేసుకుని, చెక్కనేల పిన్నులు చూసొస్తానని వెళ్లిపోయాడు.

బస్సులో యాసీన్ మగవాడిలా ఒప్పుకున్నాడు. "కాకా, నువ్వే గెలిచినవ్. సాల్ దాంక జవానీ మాట ఎత్త."

బస్సు రోడ్డెక్కగానే కాక ఒక్కసారిగా వెనక్కి తిరిగాడు. "ఆఖరి బాల్ ఎవడేసిండు?"

"ఆ కొత్త పోరడు."

"ఆని సర్వీస్ ఎంత?"

"ఇదే మొదటి సీజన్."

"మరి సర్వీస్ ఎట్ల గెలిచినట్టురా? పదిహేడేండ్ల సర్వీసున్నోడు బాల్ ఏసుడు చేతగాక పోరని చేతుల వెట్టిండు. పోరడు ఏసిండు. అంటె గెలిచింది జవానీ. నేను ఓడిపోయిన."

యాసీన్ నోరు తెరిచాడు. "ఎట్లా కాకా? కెప్టెన్ ఇచ్చిన పాస్ చూడలేదా? నేనైతే నేనే వేసి మిస్ చేసేటోణ్ణి. అంత మంది మీద పడుతుంటే మూలకున్నోణ్ణి చూసిండు. గదే తజుర్బా, గదే సర్వీస్."

"సర్వీస్ లేదు, ఏం లేదు. మోకాళ్లకు పట్టీలు కట్టుకున్నోడు ఏం గెలుస్తడు? గీ కాలం పోరగాండ్లదే."

నా చెవుల్ని నేను నమ్మలేదు. ఒక పక్క యాసీన్ అనుభవం గొప్పదని గొంతు చించుకుంటున్నాడు. ఇంకో పక్క సర్వీస్ కాక కుర్రతనమే గొప్పదని బల్ల గుద్దుతున్నాడు. బస్సు రెండుగా చీలిపోయింది. కుర్రాళ్లంతా ముసలి కెప్టెన్ వైపు, పెద్దవాళ్లంతా కొత్త పోరడి వైపు. డ్రైవర్ కూడా ఏదో అనబోతే, "నువ్వు ముంగట చూడు" అని కాక కసిరాడు. వాదంలో ఎంతకీ నెగ్గలేక చివరికి లేచి నిలబడ్డాడు.

"ఈ బస్సుల అందరి కన్న సీనియర్ ఎవలు?"

"నువ్వే కాకా."

"సీనియర్ మాట నడుస్తదా, జూనియర్ మాట నడుస్తదా?"

"సీనియర్ మాటే."

"అయితె సీనియర్ చెప్తున్నడు ఇనుండ్రి. సర్వీస్ ఓడింది. ఖలాస్."

యాసీన్ రెండు చేతులూ పైకెత్తేశాడు. అప్పుడే నాకు తల తిరిగి అన్నీ ఒకచోట చేరాయి. గెలిచిన రోజు కడుపునొప్పి, ఓడిన రోజు చాయ్, ఆ రాత్రి అటు తిరిగి పెట్టిన దొంగ గుర్రు, అన్నీ. జాలిపడి ఇస్తే రసూల్ భాయ్ తీసుకోడు. తీసుకుంటే క్యాంప్ బాస్ కారణం అడుగుతాడు. పందెంలో పోయిన మంచానికి కారణం ఎవరడుగుతారు? మనిషి నెగ్గడానికి అబద్ధమాడటం చూశాను. ఓడటానికి తన మతాన్నే మార్చుకున్నవాణ్ణి ఆ రోజే చూశాను. ఇలాంటి మనిషి మా రూమువాడని, మా జగిత్యాలవాడని నాకు ఛాతీ ఉబ్బింది. ఆ సంగతి ఆయనకు చెబితే నా సర్వీస్ ఎంతని అడుగుతాడు కాబట్టి చెప్పలేదు.

రూముకు వచ్చాక రసూల్ భాయ్ ఒప్పుకోలేదు. "ఆటలో అన్న మాట అన్నా, ఎవరు పట్టించుకుంటారు? నీ చోటు నీదే."

"మాట తప్పితె నా సర్వీస్‌కు ఇజ్జత్ ఉంటదా? దిగు భాయ్, యల్లా" అని కాక తన దుప్పటి, దిండు, కొమురవ్వ ఫోటో తీసుకుని పై బెడ్ మీదికి విసిరాడు. లుంగీ ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాడు. ఎక్కుతూ ట్యూబ్‌లైట్ పట్టీకి తల కొట్టుకున్నాడు. పైకెక్కాక కూర్చోబోయి స్లాబుకు ఇంకోసారి కొట్టుకున్నాడు. యాసీన్ నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తాడు.

ఆ వారమే క్యాంప్ బాస్ రూములు చూడటానికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. అందరికన్నా సీనియర్ పైన, అందరికన్నా జూనియర్ కింద.

"యే క్యా హై? బెడ్ క్యోఁ బద్లా?" అని రసూల్ భాయ్ మోకాళ్ల వైపు చూశాడు. "ఘుట్నే మే తక్లీఫ్ హై క్యా?"

రసూల్ భాయ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పై నుంచి కాక తల కిందికి వేలాడేశాడు.

"నహీ సాబ్. మై బాస్కెట్‌బాల్ మే బెడ్ హార్ గయా."

క్యాంప్ బాస్ ఒక్క క్షణం ఆ వేలాడే తలను చూశాడు. తర్వాత గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే పక్క రూముకు పోయి, అక్కడ ఈ కథ చెప్పాడు. ఆ సాయంత్రానికి క్యాంపంతా సర్వీస్ కాక ఆటలో మంచం పోగొట్టుకున్నాడని చెప్పుకుంది. రసూల్ భాయ్ మోకాళ్ల మాట ఎవరి నోటా రాలేదు. గడువు వచ్చినప్పుడు ఆయన వీసా రెన్యూ అయింది.

క్యాంప్ బాస్ వచ్చిన ఆ రోజే, ఆయన పోయాక తలుపు వేసుకుని ఎవరి మంచం వాళ్లం ఎక్కాం. కింది బెడ్‌లోంచి రసూల్ భాయ్ పై మంచం అడుగును చూస్తూ అన్నాడు.

"రాములన్నా, ఓడిపోయేదానికి ఇంత తిప్పలు పడినోణ్ణి నేను యాడా చూళ్లేదు."

పైన ఇనుము కిర్రుమంది. "ఎక్కువ మాట్లాడకు భాయ్. మల్ల నేనే గెలిచిన అని చెప్త" అన్నాడు కాక.